పాత జీపుకు కొత్త సైలెన్సర్: ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఏం మార్చాలి, ఎక్కడ ఆగాలి

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న బిలాస్‌పూర్ నుంచి ఒక దారి కోర్బా బొగ్గు గనులకు, మరో దారి అచానక్‌మార్ అడవి మీదుగా అమర్‌కంటక్ వైపు వెళ్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు దారులూ పరిచయమే. వేసవిలో ఎర్రదుమ్ము, వానాకాలంలో బంకమట్టి, ఏడాది పొడవునా బొగ్గు లారీలు తొక్కిన గుంతలు. ఇలాంటి చోట పాత మహీంద్రా జీపుకు, మారుతి జిప్సీకి గిరాకీ తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పాత బండి కొన్నవారు సాధారణంగా ముందు పెద్ద టైర్లు వేయిస్తారు. తర్వాత కమాన్ కట్టలు పెంచి బండిని ఎత్తు చేయిస్తారు. ఆపైన సైలెన్సర్ తీయించి లావుపాటి గొట్టం పెట్టిస్తారు. బండి గర్జిస్తుంది గానీ చిన్న మిట్ట ఎక్కడానికే ఆపసోపాలు పడుతుంది. ఇంజిన్ నుంచి చక్రం దాకా ఉన్నదంతా ఒకే గొలుసు. ఒక కొలిక్కి మార్చితే మిగతా కొలికులన్నీ సర్దుకోవాలి.

ముందు లెక్క, తర్వాత పానా

మిట్ట ఎక్కే బలం ఇంజిన్ హార్స్‌పవర్‌లోనే లేదు, గేర్ల నిష్పత్తిలో ఉంది. భారత్‌లో దశాబ్దాల పాటు తయారైన సీజే-3బీ జీపును తీసుకుంటే, మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 2.798. ట్రాన్స్‌ఫర్ కేసు లో రేంజి 2.46. యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ 5.38. మూడింటినీ గుణిస్తే సుమారు 37 వస్తుంది. అంటే ఇంజిన్ 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. పాతకాలపు చిన్న ఇంజిన్ రాళ్ల దారిలో నెట్టుకురావడానికి కారణం ఇదే.

టైరు పెద్దదైతే ఈ లెక్క చెడుతుంది. 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 235/75 ఆర్15 వేస్తే 733 దాటుతుంది. దాదాపు 10 శాతం తేడా. స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 66 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. చక్రం నేలను నెట్టే బలం సుమారు 9 శాతం తగ్గుతుంది. ఏ సైలెన్సర్ కూడా తక్కువ ఆర్‌పీఎం దగ్గర ఈ నష్టాన్ని పూడ్చలేదు. పూడ్చగలిగేవి రెండే: క్రౌన్ పినియన్ నిష్పత్తి మార్చడం, లేదా ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజిని ఇంకా తగ్గించే గేర్లు వేయడం. మొదటిదైతే ముందు, వెనుక యాక్సిళ్లు రెండింటిలోనూ ఒకే నిష్పత్తి ఉండి తీరాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి రెండు యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

చేతులు మారిన బండ్లలో స్క్రాప్ నుంచి తెచ్చిన యాక్సిళ్లు ఉండే అవకాశం ఎక్కువ. సరిచూసుకోవడం తేలికే. బండి కదలకుండా మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక ఒక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపాలి. దాన్ని సరిగ్గా 2 సార్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. డిఫరెన్షియల్‌కు లాక్ లేకపోతే అదే దాని నిష్పత్తి. ముందు యాక్సిల్‌కూ ఇలాగే చూడాలి.

సైలెన్సర్: శబ్దం శక్తి కాదు

తుప్పు పట్టిన, నొక్కుకుపోయిన గొట్టం ఇంజిన్‌కు ఊపిరాడనివ్వదు. దాన్ని మార్చడం అవసరమే. అయితే టర్బో లేని పాత ఇంజిన్‌కు మరీ లావు గొట్టం వేస్తే వాయువు వేగం పడిపోతుంది. అడవి దారిలో అవసరమయ్యే తక్కువ ఆర్‌పీఎం లాగుడు పెరగదు, తగ్గనూ వచ్చు. అసలు సైజుకు దగ్గరగా ఉన్న గొట్టం, మూలల్లో నొక్కుకుపోని వంపులు, మంచి మఫ్లర్ చాలు.

గొట్టం వెళ్లే దారి అంతకన్నా ముఖ్యం. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంటుంది, ఛాసిస్ ఊగదు. మధ్యలో వంగే బెల్లోస్ ముక్క, రబ్బరు హ్యాంగర్లు లేకపోతే మేనిఫోల్డ్ దగ్గర పగుళ్లు తప్పవు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ పైకీ కిందికీ కదిలే చోటును వదిలి గొట్టం బిగించాలి. ఎంపీఎఫ్ఐ పెట్రోల్ బండిలో ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరుతుంది. ఇంధనం చాలడం లేదనుకుని కంప్యూటర్ ఇంకా ఎక్కువ పోస్తుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందో యజమానికి అంతుపట్టదు.

ప్రాణాపాయం కూడా ఇక్కడే ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. గుడ్డ టాపు జీపులో వెనుక పరదా తెరిచి నడిపితే, బండి వెనుక ఏర్పడే అల్పపీడనం పొగను లోపలికి లాగుతుంది. గొట్టం చివర బాడీ అంచును దాటి బయటికి ఉండాలి. ఎండాకాలంలో రాలిన సాల్ ఆకుల మీద కాలుతున్న గొట్టంతో బండి నిలపడం అడవికి నిప్పు పెట్టడంతో సమానం. 2009లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన అచానక్‌మార్‌లో మోత కూడా చిన్న విషయం కాదు.

షాఫ్ట్, క్రాస్, కోణం

కమాన్ కట్టలు పెంచితే షాఫ్ట్ కోణం పెరుగుతుంది. క్రాస్ జాయింట్ స్వభావం విచిత్రం. కోణంలో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. రెండో చివర ఉన్న క్రాస్ అదే కోణంలో ఉంటేనే ఈ హెచ్చుతగ్గులు రద్దవుతాయి. షాఫ్ట్ రెండు చివర్లలోని యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ విప్పి తిరిగి బిగించేటప్పుడు స్ప్లైన్ ఒక పన్ను తప్పినా వణుకు మొదలవుతుంది. అందుకే విప్పే ముందు సుద్దతో గుర్తు పెట్టుకోవడం మెకానిక్కుల పాత అలవాటు. ఎత్తు పెంచినప్పుడు స్ప్లైన్ ఎంత లోపలికి మిగిలిందో కూడా చూడాలి. అంచున వేలాడుతుంటే ఏదో ఒక గుంతలో షాఫ్ట్ ఊడిపోతుంది.

అది ఊడితే బండి ఆగిపోవడంతో సరిపోదు. విల్లీస్ తరహా జీపుల్లోనూ, జిప్సీకి మూలమైన సుజుకీ ఎస్‌జే410లోనూ హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉంటుంది. అది చక్రాలను నేరుగా పట్టదు, షాఫ్ట్‌ను పడుతుంది. వెనుక షాఫ్ట్ లేకపోతే ఆ బండికి హ్యాండ్‌బ్రేక్ లేనట్టే. ఏటవాలులో బండి కింద పడుకుని షాఫ్ట్ విప్పేవారు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి.

వీటిలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాకు దారి దొరక్క క్రాస్‌లు, గేర్లు నలుగుతాయి. వాగు దాటే బండ్లకు తక్కువ ఖర్చుతో అయ్యే మేలు మరొకటి ఉంది. వేడెక్కిన యాక్సిల్ చన్నీటిలో దిగితే సీళ్ల గుండా నీటిని పీలుస్తుంది. బ్రీథర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గది దాకా తెస్తే ఆ బాధ తప్పుతుంది. ఆయిల్ పాలరంగులోకి మారితే నీరు చేరినట్టే.

చట్టం గీసిన గీత

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది సైలెన్సర్‌ను తప్పనిసరి చేసింది. 113వది పొగగొట్టానికీ ఇంధన గొట్టానికీ మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలంటుంది.

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ప్రతి 5 ఏళ్లకు తనిఖీకి వెళ్లాలి. పాత బండి యజమాని నిజంగా పణంగా పెడుతున్నది ఈ పత్రాన్నే. అనుమతి లేని మార్పుతో తనిఖీలో విఫలమైతే, ఎంత ఖర్చు పెట్టిన జీపైనా ఇంటి ముందు బొమ్మే. కాబట్టి ఆర్టీవోను అడగాల్సింది గొట్టం కోశాక కాదు, కోయక ముందు.

చేయాల్సిన పనులకూ ఒక వరస ఉంది. మొదట లీకులు, క్రాస్‌లు, మౌంట్లు, బ్రేకులు. తర్వాత అసలు సైజుకు దగ్గరి టైర్లు, మంచి సైలెన్సర్. చివరగా, ఇంకా అవసరం అనిపిస్తే, అనుమతితో గేర్ల నిష్పత్తి. మొదటి మెట్టు సరిగ్గా పూర్తిచేసిన జీపుల్లో చాలావాటికి మూడోది అవసరమే రాదు.