డెబ్బది యెనిమిదవ రేఖ

నిజామాబాదు పట్టణమునకును బోధనునకును నడుమ కంటికి గోచరింపని గీత యొకటి కలదు. దానిని దాటుచున్న సంగతి బస్సులోని ప్రయాణికుడు గాని, ప్రక్కచేలో నీరు కట్టుకొనుచున్న రైతు గాని యెరుగడు. అది గ్రీనిచ్ నుండి తూర్పునకు 78 డిగ్రీల దూరమున నుండు రేఖాంశము. నిజామాబాదు దానికి కొంచెము తూర్పుగా 78 డిగ్రీల 6 నిమిషముల కడను, బోధను కొంచెము పడమరగా 77 డిగ్రీల 53 నిమిషముల కడను ఉన్నవి. అక్షాంశము మాత్రము రెండింటికిని ఇంచుమించుగా ఒక్కటే: ఉత్తరము 18 డిగ్రీల 40 నిమిషములు.

ఈ గీత చేసిన పని చిన్నది కాదు. భారత సర్వే శాఖ వారి పటములలో బోధను 56 ఎఫ్ అను పత్రమునకును, నిజామాబాదు 56 జె అను పత్రమునకును చెందినవి. ఆ పత్రములను మరల పదునారేసి భాగములు చేసినప్పుడు బోధను 14వ భాగమున, ఇరుగుపొరుగు పట్టణమైన నిజామాబాదు రెండవ పత్రపు 2వ భాగమున పడినవి. అంతరిక్షము నుండి కొలిచిన నేటి ఎత్తుల పటములలోను ఈ రెండు పట్టణములు రెండు వేర్వేరు ఫైళ్ల పాలైనవి. ఈ అంకెలు ఎచ్చటి నుండి వచ్చినవి, నేడు కంప్యూటరు ఫైళ్లలో ఎట్లు దాగియున్నవి, వానిని వెలికి తీయువారు ఏమి యెరిగి యుండవలెను అను విషయములను విచారించుటయే మా ఉద్దేశము.

రేఖాంశమనగా కాలమే. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును గనుక ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల కాలము పట్టును. రేడియోలో వార్తలకు ముందు వినవచ్చు కాలసూచక ధ్వనులు 82 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశపు కాలమును తెలుపును. నిజామాబాదు దానికి 4 డిగ్రీల 24 నిమిషములు పడమరగా నున్నది. కావున రేడియోలో పండ్రెండు గంటలు మ్రోగినప్పుడు నిజామాబాదు స్వంత గడియారము దాదాపు 17½ నిమిషములు వెనుకబడి యుండును. బోధను గడియారము మరి 52 సెకండ్లు వెనుకబడును. తంతి లేని కాలమున, రేడియో లేని కాలమున, దూరదేశపు గడియారముతో మన గడియారమును సరిపోల్చుట దుర్లభమగుటచేత రేఖాంశమును కనుగొనుట మిక్కిలి కష్టముగా నుండెను.

ఆ కష్టమును నేల కొలతతో గట్టెక్కింప జూచినవాడు విలియం లాంబ్టన్. 1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు చేరువ సెయింట్ థామస్ మౌంట్ కడ ఆయన ఒక ఆధారరేఖను కొలువ నారంభించెను. నేలమీద ఒక్క భుజమును గొలుసుతో కొలిచి, దాని రెండు కొనల నుండి దూరపు కొండను చూచి కోణములు గుర్తించినచో మిగిలిన రెండు భుజములు లెక్కకు వచ్చును. వచ్చిన భుజము తరువాతి త్రిభుజమునకు ఆధారమగును. ఇట్లు త్రిభుజము వెంట త్రిభుజముగా దేశమంతయు అల్లుకొనిపోవచ్చును. కోణములు చూచుటకు ఆయన వాడిన థియోడొలైటు అను యంత్రము బరువు సుమారు అర టన్ను. దక్షిణము నుండి ఉత్తరమునకు 78వ రేఖకు చేరువగా సాగిన ఈ త్రిభుజమాలికకే మహా చాపము అని పేరు వచ్చెను.

1815లో బీదరు చెంత మరియొక ఆధారరేఖ కొలువబడెను. అచ్చటి నుండి చాపము నిజాము రాజ్యములో ఇందూరు సీమ ప్రక్కగా ఉత్తరమునకు సాగెను. ఇందూరనగా నేటి నిజామాబాదే. 1818లో జార్జి ఎవరెస్టు లాంబ్టనుకు ముఖ్య సహాయకుడుగా వచ్చెను. హిమాలయములలోని మహోన్నత శిఖరమునకు 1865లో ఈయన పేరే పెట్టబడెను. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పని చేయుచుండగా ఎవరెస్టును, ఆయన వెంట నున్న పెక్కుమందిని విషజ్వరము పట్టుకొనెను. ఆరోగ్యము కొరకు ఆయన 1820లో దక్షిణాఫ్రికాకు పోవలసివచ్చెను. లాంబ్టన్ 1823 జనవరి 20న నాగపురము దారిలో హింగన్‌ఘాట్ కడ మరణించెను. ఎవరెస్టు ఆ పనిని కొనసాగించి 1847లో ఫలితములను గ్రంథముగా ప్రకటించెను. అందలి మొదటి ఖండము బీదరు చేరువ దామరగిద్ద కడ 18 డిగ్రీల 3 నిమిషముల 15 సెకండ్ల అక్షాంశమున మొదలై మధ్యభారతములోని కల్యాణపురము కడ 24 డిగ్రీల 7 నిమిషముల 11 సెకండ్ల వద్ద ముగియును. నిజామాబాదు, బోధనుల అక్షాంశము ఆ ఖండము లోనిదే. నేడు మనము సులువుగా పలుకు అంకెల వెనుక ఇంత నడక, ఇంత జ్వరము ఉన్నవి.

కొండలమీద చూచిన కోణములను అక్షాంశ రేఖాంశములుగా మార్చుటకు లెక్కలు వేయువారిని ఆ శాఖలో ‘కంప్యూటర్లు’ అనెడివారు. అది యంత్రము పేరు కాదు, మనుష్యుల ఉద్యోగము పేరు. 1831లో ఆ కొలువున చేరిన వంగీయుడు రాధానాథ సిక్దారు వారిలో అగ్రగణ్యుడు. ఆ పేరు తరువాతి కాలమున యంత్రమునకు సంక్రమించినది.

అంతటి వారు లెక్కించిన రేఖాంశములు అన్నియు మద్రాసు నక్షత్రశాల రేఖాంశముపై ఆధారపడియుండెను. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున సముద్రగర్భపు తంతుల మూలమున గ్రీనిచ్ కాలమును మద్రాసు కాలముతో పోల్చి చూడగా ఆ మూల సంఖ్యయే సరికాదని తేలెను. కల్యాణపురపు రేఖాంశము 77 డిగ్రీల 41 నిమిషముల 44.75 సెకండ్లు కాదు, 77 డిగ్రీల 39 నిమిషముల 17.57 సెకండ్లు. భేదము 2 నిమిషముల 27.18 సెకండ్లు. మన అక్షాంశమున ఇది నాలుగు కిలోమీటర్లకు మించును. త్రిభుజములలో దోషము లేదు, లెక్కలలో దోషము లేదు. ఎచ్చటి నుండి లెక్కించితిరి అను ప్రశ్నకు సమాధానము మాత్రమే మారెను. ఊళ్లు కదలలేదు, అంకెలు కదలినవి.

గ్రామసీమలో ఇంకొక కొలత వేరుగా నడచినది. 19వ శతాబ్దపు చివరి పాదమున నిజాము రాజ్యములో భూమి సర్వే సాగి, చేను చేనుకు సర్వే నంబరు వచ్చెను. 33 అడుగుల చదరము గుంట, 40 గుంటలు ఎకరము. హద్దురాయి నుండి హద్దురాయికి ఎన్ని గొలుసులని టిప్పనులో వ్రాసిరేగాని అక్షాంశ రేఖాంశముల ప్రసక్తి లేదు. మంజీరపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు వచ్చి, 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసి, ఈ ప్రాంతమంతయు చెఱకు సీమయైనప్పుడును ఆ కొలతలే చాలినవి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. చేలు మాత్రము ఉన్నవి, హద్దులును ఉన్నవి. నేడు ఆ పాత గ్రామపటములను కంప్యూటరులో ఎక్కించి, ఉపగ్రహ చిత్రములపై పరచి, చేతిలోని ఫోను చూపు స్థానముతో సరిపోల్చుచున్నారు. కొండల మీది కొలతయు, హద్దురాళ్ల కొలతయు ఒక్క తెరపై కలిసికొన్నవి. పేచీలు పుట్టునదియు ఇచ్చటనే.

ఇక ఫైళ్ల సంగతి చూతము. 2000 ఫిబ్రవరిలో ‘ఎండెవర్’ అను అంతరిక్షనౌక పదునొకండు దినములు భూమిని చుట్టి రాడారుతో నేల ఎత్తులను కొలిచెను. ఆ ఎత్తులు డిగ్రీకొక ఫైలుగా లభించుచున్నవి. బోధనున్న ఫైలు పేరు ‘ఎన్18ఇ077’, నిజామాబాదున్న ఫైలు పేరు ‘ఎన్18ఇ078’. ఆ అంకెలు ఫైలు యొక్క నైరృతి మూలను తెలుపును. చిత్రమేమనగా ఫైలు లోపల అక్షాంశ రేఖాంశములు ఎచ్చటను వ్రాసియుండవు. 3601 వరుసలు, వరుసకు 3601 ఎత్తులు, ఎత్తుకు రెండు బైట్లు, అంతే. ఫైలు పేరు మార్చినచో ఊరు పోయినట్లే.

నిజామాబాదు ఎత్తు కావలెనన్నచో కోడు, అనగా యంత్రమునకు మనము వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుస, ఇట్లు నడచును. పై అంచు 19 డిగ్రీలు; పట్టణము అక్కడికి 20 నిమిషములు, అనగా 1200 సెకండ్లు క్రిందుగా నున్నది; కావున 1200 వరుసలు దిగవలెను. ఎడమ అంచు 78 డిగ్రీలు. పట్టణము 6 నిమిషములు, అనగా 360 సెకండ్లు తూర్పున నున్నది. కావున 360 స్థానములు జరుగవలెను. 1200ను 3601చే గుణించి, 360 కలిపి, రెట్టింపు చేసినచో 86,43,120. ఫైలు మొదటి నుండి అన్ని బైట్లు దాటి తరువాతి రెండు బైట్లు చదివినచో ఎత్తు మీటర్లలో వచ్చును. సిక్దారు చేసిన లెక్కతో పోల్చిన ఇది పిల్లల లెక్కయే.

రోడ్లను, చేల హద్దులను, బావులను దాచు ‘షేప్‌ఫైలు’ తీరు వేరు. దాని నిర్మాణ వివరము 1998లో ప్రకటింపబడెను. మొదటి నూరు బైట్లు పీఠిక. అందు మొదటి సంఖ్య ఎల్లప్పుడును 9994. ఈ సంఖ్యను పెద్ద స్థానము మొదలుగా చదువవలెను. పీఠికలోనే ఉన్న ఎల్లల అంకెలను చిన్న స్థానము మొదలుగా చదువవలెను. మన శాసనములలో శక సంవత్సరమును పదసంకేతములతో చెప్పినప్పుడు అంకెలను కుడి నుండి ఎడమకు గ్రహించు సంప్రదాయ ముండెను గదా! ఇదియు అట్టిదే. దిశ తప్పి చదివినచో 9994 కాస్త 17,03,28,064 అగును. యంత్రము ఆ సంఖ్యను సంకోచము లేకుండ చేతికిచ్చును.

బిందువు కడకు వచ్చినచో ముందు రేఖాంశము, తరువాత అక్షాంశము ఉండును. 2016లో ప్రమాణీకరింపబడిన ‘జియోజేసన్’ అను పద్ధతిలోను వరుస ఇదియే. మన వాడుకలో మాత్రము అక్షాంశము ముందు పలుకుదుము. ఈ అలవాటుతో బోధను అంకెలను తారుమారు చేసినవానికి ఉత్తరము 77 డిగ్రీలు, తూర్పు 18 డిగ్రీలు వచ్చును. అది ఉత్తరధ్రువ సముద్రములోని స్పిట్స్‌బెర్గెన్ ద్వీపపు తావు. చెఱకు తోట మంచులో మొలచును.

ఇంత పెద్ద పొరపాటు వెంటనే పట్టుబడును. చిన్న పొరపాట్లే ప్రమాదకరములు. 18 డిగ్రీల 40 నిమిషములను 18.40గా వ్రాసినచో ఊరు దక్షిణమునకు సుమారు 30 కిలోమీటర్లు జరుగును. నిమిషములను 60చే భాగించి 18.667గా వ్రాయుట సరియైన పద్ధతి. అంతకన్న సూక్ష్మమైనది భూమి ఆకారపు సంగతి. భూమిని ఇంచుక అణగిన గోళముగా భావించి 1830లో ఎవరెస్టు నిర్ణయించిన కొలత ప్రకారము భూమధ్యరేఖ కడ వ్యాసార్ధము 63,77,276 మీటర్లు. మన పాత పటములు దానిపై గీసినవి. నేటి ఉపగ్రహములు వాడు ‘డబ్ల్యు.జి.ఎస్. 84’ కొలతలో అది 63,78,137 మీటర్లు, కేంద్రమును వేరు. 2005 నాటి జాతీయ పట విధానము తరువాత సర్వే శాఖ వారు ప్రజల కొరకు వెలువరించు పటములకు ఈ కొలతనే గ్రహించిరి. పాత పటపు అంకెలను మార్చక ఫోనులో వేసినచో మన ప్రాంతమున స్థానము నూరు మీటర్లకు మించి తొలగును. చదరముగా నున్న ఎకరము ప్రక్క 64 మీటర్లు మాత్రమే. అనగా ఒకరి చేను మరియొకరి చేలో పడును. గట్టు మీది బావి పొరుగువాని సర్వే నంబరులోనికి పోవును.

2021 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము పటముల తయారీపై నున్న అనుమతుల నిబంధనలను సడలించెను. ఇప్పుడు ఈ ఫైళ్లు విద్యార్థుల చేతికి, రైతుబిడ్డల చేతికి వచ్చుచున్నవి. వారికి మేము చెప్పదలచినవి మూడు ప్రశ్నలు. ఏ అంకె ముందు? ఎచ్చటి నుండి లెక్క? ఏ భూగోళపు కొలత? షేప్‌ఫైలు వెంట ‘పి.ఆర్.జె.’ అను చిన్న ఫైలొకటి వచ్చును. కడపటి రెండు ప్రశ్నలకు సమాధానము అందుండును. అది లేని పటమును నమ్మి హద్దు నిర్ణయింపరాదు. కోడులో మొదటనే ఒక కావలి పెట్టవలెను: తెలంగాణమునకు చెందినదన్న బిందువు అక్షాంశము 15కును 20కిని, రేఖాంశము 77కును 82కును నడుమ లేనిచో ఆగి చూడుమని. అది పెద్ద పొరపాట్లను పట్టును. చిన్నవానికి నేలయే సాక్షి: తెలిసిన ఒక హద్దురాతి కడకు పోయి, తెరపై చూపు తావును కంటితో సరిచూచుకొనవలెను.

లాంబ్టను నాటి వారును అదే చేసిరి. ఒక ఆధారరేఖ నుండి వచ్చిన లెక్కను నమ్మి ఊరకుండక, వందల మైళ్లు పోయిన పిమ్మట మరల గొలుసు పరచి నేలను కొలిచి, లెక్కతో సరిపోల్చిరి. బీదరు ఆధారరేఖ అట్టి పరీక్షయే. యంత్రము మారినను, గొలుసు పోయి ఫైలు వచ్చినను, ఆ పరీక్ష యొక్క అవసరము తగ్గలేదు. బోధను చేలగట్టున నిలుచు రైతు హక్కు నేడు రెండు అంకెలలో ఇమిడియున్నది. వానిని చదువువారు ఆ అంకెల పుట్టుకను ఎరిగి చదువుట ఆతనికి చేయదగిన న్యాయము.