మూర్ మార్కెట్ జోర్కి

బిట్రగుంట స్టేషను ఉన్నది మా బోగోలులోనే. బెజవాడ–మద్రాసు రైలుమార్గం 1899లో పూర్తయ్యాక మా వైపు వాళ్లకు మద్రాసు దగ్గరైంది. సెంట్రల్‌లో దిగితే పక్కనే మూర్ మార్కెట్. 1900లో తెరిచిన ఆ ఎర్రటి కట్టడంలో పాత పుస్తకాలు, గ్రామఫోన్లు, గడియారాలు, కెమెరాలు అమ్మేవారు. మా నాయన బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. రైల్వే పాసు మీద వెళ్లి, జోర్కి-4 కెమెరా కొన్నది మూర్ మార్కెట్లోనే.

జోర్కి రేంజ్‌ఫైండర్ కెమెరా. రేంజ్‌ఫైండర్ అంటే దూరం కొలిచే సాధనం. ఫిరంగి దళాలు, యుద్ధనౌకలు దాన్ని ముందునుంచీ వాడేవి. జర్మనీ లైట్జ్ కంపెనీ 1932లో తన లైకా కెమెరాలో దాన్ని లెన్సుతో జతచేసింది. కిటికీలో రెండు బొమ్మలు కనిపిస్తాయి. లెన్సు తిప్పి రెంటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టే. లైకా కొనడం షెడ్డు జీతానికి అయ్యే పని కాదు. 1956లో వచ్చిన రష్యా జోర్కి-4 దాని వంశంలోదే.

నాయన బేరం మొదలెట్టకముందే వెనక మూత తీసి, షట్టరు గుడ్డను వెలుతురుకు పట్టి చూశాడు. మూత పెట్టని లెన్సును ఎండకు వదిలితే ఆ గుడ్డకు చిల్లి పడుతుంది. ఒక సెకను స్పీడు పెట్టి చెవి దగ్గర నొక్కాడు. సెంట్రల్ గడియార స్తంభాన్ని చూసి, అంత దూరంలోనూ రెండు బొమ్మలు కలుస్తున్నాయో లేదో పరీక్షించాడు. షట్టరు ఎక్కించాకే స్పీడు మార్చాలి, లేకపోతే లోపలి భాగాలు దెబ్బతింటాయని నాకు నేర్పాడు. ఇంజన్లు విప్పి బిగించే మనిషి కాబట్టి యంత్రం మాట ఆయనకు తెలిసేది.

1969లో బర్మా నుంచి వచ్చినవాళ్లతో మద్రాసులోనే బర్మా బజారు మొదలైంది. విదేశీ సరుకు కావలసినవాళ్లు అటు నడిచారు. 1985 మే నెలలో మూర్ మార్కెట్ కాలిపోయింది.

సముద్రం దగ్గరుండే మనకు పాత కెమెరాల విషయంలో అసలు శత్రువు తేమ. తోలు సంచిలో దాచిన లెన్సుకు బూజు పడుతుంది. ఇప్పుడు పాత కెమెరా కొనేవాళ్లు లెన్సులోకి టార్చి వేసి, సాలెగూడులాంటి పోగులు లేవని తేల్చుకోవాలి. యాషికా ఎలక్ట్రో-35 అయితే దాని పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారు కాదు. ప్రత్యామ్నాయం దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. పైమెరుపుకు డబ్బివ్వకండి. ఒక రీలు తీసి, కడిగించి, బొమ్మలు చూశాకే ధర ఖాయం చేయండి. మీ ఇంటి బీరువాలో అలాంటి కెమెరా ఉంటే సంచిలోంచి తీసి గాలి తగలనివ్వండి, వాడండి.