లాగగల బరువెంత?

మన పల్లెలలో బండికి బస్తాలు ఎక్కించు రైతును చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. బరువంతయు ఇరుసుకు వెనుక పడినచో నొగలు పైకి లేచి కాడి ఎద్దుల మెడలనుండి ఎగయును. ముందు పడినచో ఎద్దులు క్రుంగును. అందుచే అతడు ముందువైపు కొంచెము మొగ్గుండునట్లు బస్తాలు సర్ది, నొగను చేతితో ఎత్తిచూచి, సరిపోయినదనుకొన్న తరువాతనే ఎద్దులను పూన్చును. మోటారు వాహనము వెనుక ట్రైలరు కట్టువారికిని ఇట్టి అంచనాయే కావలసివచ్చినది. అయితే ఎద్దుల బలము రైతు ఎఱుగును. మోటారు బలమును అమ్మువాడు చెప్పగా కొనువాడు నమ్మవలెను. ఈ నమ్మకము కొలతగా మారుటకు అమెరికాలో ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

1914లో డెట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి యుండెను. గుఱ్ఱములకు నాడాలు కొట్టుట, బండ్లు చేయుట అతని వృత్తి. ఫ్రెడరిక్ సిబ్లీ అను కలప వర్తకుడు వచ్చి, తన పడవను దూరపు విడిదికి చేర్చుటకు ఫోర్డ్ మోడల్-టి కారువెనుక కట్టదగిన బండి యొకటి కావలెననెను. ఫ్రూహాఫ్ రెండు చక్రముల బండి చేసి ఇచ్చెను. వర్తకునికి అది ఎంత నచ్చినదనగా, పడవ పని తీరినపిమ్మట కలప తోలుటకును అట్టి బండ్లే చేయించుకొనెను. వెనుక బరువును తన చక్రములపై మోసికొనుచు, ముందు బరువును లాగు వాహనముపై ఆనించునది గనుక దానికి ‘సెమీ-ట్రైలర్’ అని పేరు వచ్చినది. 1918లో ఫ్రూహాఫ్ పేర కంపెనీ వెలసినది. జోడింపు ఎట్లుండవలెనను విషయమున ఎవరి ఊహలు వారివి. విమాన నిర్మాతగా ప్రసిద్ధుడైన గ్లెన్ కర్టిస్ తన విడిది ట్రైలరు కుదుపులు కారునకు తగులకుండుటకు, గాలి నింపిన విమానపు చక్రమునే జోడింపులో అడ్డముగా పరుండబెట్టెను!

ఒక మోటారు తాను మోయగల దానికన్న ఎక్కువ బరువును లాగగలదన్నది ఆనాటి వర్తకులకు గొప్ప ఆకర్షణ. మాట నిజమే, చదునైన రోడ్డుమీద. 10,000 పౌనుల (సుమారు 4,500 కిలోల) ట్రైలరును మంచి రోడ్డుపై మెల్లగా నడిపించుటకు దాని బరువులో నూటికి ఒకటి రెండు పాళ్ల బలము, అనగా 100 నుండి 200 పౌనులు, చాలును. అదే ట్రైలరును నూటికి 12 పాళ్ల వాలుగల ఎత్తుపైకి లాగవలసినచో, దీనిపై ఇంకను సుమారు 1,200 పౌనుల బలము కావలెను. దిగునపుడు ఆ బరువే వెనుకనుండి నెట్టును. బ్రేకులు దానికి తాళవలెను. కాబట్టి “ఎంత లాగును?” అను ప్రశ్నకు “ఎక్కడ? ఏ వేగమున?” అను ప్రశ్నలే ముందు రావలెను.

తొలుత క్రమపడినవి కొక్కెములు. 1905లో స్థాపితమైన అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘము (ఎస్.ఏ.ఇ.) ట్రైలరు జోడింపులను నాలుగు తరగతులుగా విభజించినది. మొదటి తరగతి 2,000 పౌనుల వరకు, రెండవది 3,500 వరకు, మూడవది 5,000 వరకు, నాల్గవది 10,000 వరకు. ఇందులోను అంగడి తన పని తాను చేసికొన్నది: మూడవ తరగతి అని చెప్పి 8,000 పౌనుల వరకు అంకె వేసి అమ్మువారున్నారు. అందుచే తరగతి పేరుకన్న కొక్కెముపై ముద్రించిన అంకెయే ముఖ్యము. నాల్గవ తరగతి కొక్కెము బిగించినంత మాత్రమున చిన్నకారు బలము పెరుగదు. కారు, కొక్కెము, గుండు, ట్రైలరు — వీనిలో ఏది తక్కువ బరువునకు తగినదో అదియే మొత్తమునకు హద్దు.

ఇక నొగ బరువు. ట్రైలరు నొగ కొక్కెముపై మోపు బరువు, సాధారణముగా, ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్లు ఉండవలెనందురు. తక్కువైనచో ట్రైలరు పాము మెలికలవలె ప్రక్కలకు ఊగును. ఒక వేగమువఱకు ఆ ఊపు తనంతట తానే అణగును. దానిని దాటినపిమ్మట ప్రతి ఊపును ముందటిదానికన్న పెద్దదై, కారును గూడ రోడ్డునుండి ఈడ్చివేయగలదు. ఎక్కువైనచో కారు వెనుకభాగము క్రుంగి, ముందు చక్రములు తేలికపడి, చుక్కాని పట్టు సడలును. మన రైతు నొగ ఎత్తిచూచుటలో వెదకునది ఈ మధ్యస్థితినే.

కొక్కెములకు తరగతులు ఏర్పడినను, వాహనము లాగగల బరువును మాత్రము చాలకాలము ఏ కంపెనీ తన పద్ధతిని అనుసరించి అదియే ప్రకటించుకొన్నది. పికప్ ట్రక్కుల పోటీలో ఒకరు ఒక అంకె వేసినచో మఱొకరు దానిని మించిన అంకె వేయుచుండిరి. వానిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుటకు కొనువానికి దారి లేదు. తుదకు కార్లు చేయువారును, ట్రైలర్లు, కొక్కెములు చేయువారును కలిసి కూర్చుండగా, 2008లో ఎస్.ఏ.ఇ. ‘జె2807’ అను ప్రమాణమును ప్రకటించినది.

దీనికి ఒరపిడిరాయి అరిజోనాలోని ఒక ఎత్తురోడ్డు. కొలరాడో నదిపై 1951లో పూర్తియైన డేవిస్ ఆనకట్ట సమీపమున మొదలై, ఎడారి కొండలలోనికి సుమారు 11 మైళ్లలో 3,000 అడుగులు ఎక్కును. ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గరాదు. ఏసీ పూర్తిగా నడుచుచుండవలెను. ఆ స్థితిలో ట్రైలరును లాగుచు గంటకు 40 మైళ్ల వేగము తగ్గకుండ పైకి చేరవలెను; వెనుక జంటచక్రములున్న ట్రక్కులకు 35 మైళ్లు. ఇదిగాక 12 పాళ్ల వాలుమీద నిలిచిన బండి, ఐదు నిమిషములలో ఐదుసార్లు ముందుకును, ఐదుసార్లు వెనుకకును కదలి చూపవలెను. చదునునేలపై 30 సెకండ్లలో 60 మైళ్ల వేగము అందుకొనవలెను. ఊపును అణచుకొను శక్తికిని పరీక్ష గలదు. వీనిలో నాకు మిక్కిలి నచ్చినది ఏసీ నిబంధన. అంతటి ఎండలో సంసారముతో పోవువాడు దానిని ఆపుకొనడు గదా!

ఈ ప్రమాణమును మొదట పాటించినది టయోటా. 2011 టండ్రా ట్రక్కునకు ఈ లెక్కప్రకారము అంకెలు వేయగా, ట్రక్కు మారకున్నను, అంకె ముందటి యేటికన్న కొన్ని వందల పౌనులు తగ్గినది. పోటీదారుల ప్రకటనలలో మాత్రము పాత అంకెలే వెలుగుచుండెను. తమ అంకె ఒక్కటే తగ్గి ఇతరులది నిలిచియుండుట ఏ వర్తకునకు ఇష్టము? ప్రమాణము చట్టము కాదు, స్వచ్ఛందము. ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్ కంపెనీలు ఒకరినొకరు చూచుకొనుచు కొన్ని యేండ్లు గడిపి, 2015 నమూనాల నాటికి తమ తేలిక పికప్ ట్రక్కులకు ఈ పద్ధతినే చేపట్టినవి.

ఈ అంకెను చదువునపుడు గుర్తుంచుకొనవలసినది ఇంకొకటి కలదు. పరీక్షలో వాహనమునందు ఇద్దరే మనుష్యులున్నట్లు, ఒక్కొక్కరు 150 పౌనులు, అనగా 68 కిలోలు, తూగునట్లు ఎంచుదురు. ఐదుగురు ఎక్కి, పెట్టెబేడలు వెనుక సర్దుకొన్నవారు ఆ అదనపు బరువునంతటిని ప్రకటించిన అంకెనుండి తామే తీసివేసికొనవలెను.