జంట చీలికల లెక్కలో మూడో చీలిక

ఒకే మూలం నుంచి వెలువడిన కాంతి పక్కపక్కనే ఉన్న రెండు సన్నని చీలికల గుండా సాగి తెరపై పడినప్పుడు, తరంగాలు ఒకదానికొకటి తోడైన చోట వెలుగు పట్టీలు, ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న చోట చీకటి పట్టీలు ఏర్పడతాయి. వ్యతికరణం అనే ఈ ధర్మాన్ని ఆధారం చేసుకుని 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో థామస్ యంగ్ కాంతి తరంగమేనని వాదించగా, పదార్థ కణాలకూ తరంగ స్వభావం ఉంటుందని 1924లో లూయీ ద బ్రోయీ ప్రతిపాదించాడు. నికెల్ స్ఫటికంపై ఎలక్ట్రాన్లను పడనిచ్చి డేవిసన్, జెర్మర్‌లు 1927లో ఆ ప్రతిపాదనను నిరూపించినా, ఎలక్ట్రాన్లతో జంట చీలికల ప్రయోగం మాత్రం చాలాకాలం ఊహలోనే మిగిలింది.

దానికి కారణం ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం మరీ చిన్నది కావడమే. 50,000 వోల్టులతో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్‌కు అది దాదాపు 5 పికోమీటర్లు; పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్లౌస్ యోన్సన్ పలుచని రాగి రేకులో మైక్రోమీటరులో మూడో వంతు కూడా లేని వెడల్పుతో చీలికలు తయారుచేసి, రెండింటితోనే కాక అయిదింటి వరకూ ఆ ప్రయోగం జరిపి, 1961లో ఫలితాలు ప్రచురించాడు. అయినా 1965లో వెలువడిన తన భౌతికశాస్త్ర ఉపన్యాసాల మూడో సంపుటంలో రిచర్డ్ ఫైన్‌మన్ ఈ ప్రయోగాన్ని ఊహించి వివరిస్తూ, అంత సూక్ష్మమైన పరికరం నిర్మించడం అసాధ్యమనే రాశాడు.

ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపినా పట్టీలు వస్తాయా అన్న ప్రశ్నకు 1970లలో ఇటలీలోని బొలోన్యా శాస్త్రవేత్తలు, 1989లో జపాన్‌లో అకిరా తొనొమురా బృందం చీలికలకు బదులు విద్యుదావేశం గల సన్నని తీగను వాడి సమాధానం చెప్పారు. ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కో చుక్కగానే నమోదైనా, వేల చుక్కలు చేరేసరికి పట్టీలు రూపుకట్టాయి. 2013లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో రోజర్ బాక్, హెర్మన్ బాటెలాన్ తదితరులు 62 నానోమీటర్ల వెడల్పుగల రెండు నిజమైన చీలికల దగ్గర కదిలే అడ్డు అమర్చి, ముందు ఒకదాన్నీ తర్వాత రెండింటినీ తెరిచి చూపడంతో ఫైన్‌మన్ ఊహ అక్షరాలా ఆచరణలోకి వచ్చింది.

అయితే రెండు చీలికలూ తెరిచినప్పటి తరంగం, ఒక్కొక్కటే తెరిచినప్పటి తరంగాల మొత్తానికి సమానమని పాఠ్యపుస్తకాలు చెప్పే అధ్యారోపణ సూత్రపు అన్వయం పూర్తిగా సరైనది కాదు. కణం సాగగల దారులన్నింటినీ లెక్కలోకి తీసుకోవాలన్న ఫైన్‌మన్ పద్ధతి ప్రకారం, ఒక చీలికలో దూరి, పక్క చీలిక వైపు మళ్లి, మరో దాంట్లోంచి బయటపడే మెలికదారులు కూడా ఉంటాయి. ఒక చీలికను మూసేస్తే దాని గుండా పోయే మెలికలు కూడా మూసుకుపోతాయి. ఈ సవరణను విడిగా పట్టుకోవడానికి మూడు చీలికలు అనువైనవి. ఎందుకంటే, ఒక చోట కణం కనిపించే సంభావ్యత తరంగ పరిమాణపు వర్గానికి అనుపాతంలో ఉంటుందన్న బోర్న్ నియమం ప్రకారం వ్యతికరణం జంటల మధ్యనే జరుగుతుంది కనుక, మెలికదారులను వదిలేస్తే, మూడింటి ఫలితంలోంచి జంటల ఫలితాలు తీసేసి విడి ఫలితాలు కలిపితే సున్నా మిగలాలి.

బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు చెందిన ఉర్బసి సిన్హా, జోసెఫ్ శామ్యూల్, సహచరులు 2014లో మెలికదారుల వల్ల మిగిలే శేషాన్ని లెక్కగట్టి, నెబ్రాస్కా కొలతలు గల ఎలక్ట్రాన్ ప్రయోగంలో అది పది కోట్లలో ఒక వంతు స్థాయిలోనూ, తరంగదైర్ఘ్యం సెంటీమీటర్లలో ఉండే మైక్రోవేవ్‌లతో వెయ్యిలో ఒక వంతు స్థాయిలోనూ ఉంటుందని చూపారు. 2018లో అదే సంస్థ బృందం మైక్రోవేవ్‌లతో మూడు చీలికల ప్రయోగం జరిపి, అనువైన అమరికలో తేడా 6 శాతం దాకా చేరుతుందని కొలిచి చూపింది. దీనివల్ల బోర్న్ నియమం తప్పని తేలలేదు. ఆ నియమాన్ని పరీక్షించబూనేవారు తమ ఫలితంలోంచి మెలికదారుల వాటాను ముందుగా తీసివేయకపోతే, శేషం సున్నా కానంత మాత్రాన క్వాంటం సిద్ధాంతంలో లోపం దొరికిందని చెప్పే వీలు లేదని మాత్రమే తేలింది.