ఆట కనిపెట్టినవాడే ఆట కట్టించాడు

యథార్థ గాథ

బల్ల మీద పది డాలర్ల చిప్ పెట్టారు. డీలర్ మూడు ముక్కలు మీ వైపు జరిపింది. ఒక్కొక్కటే ఎత్తి చూశారు. ఇస్పేటు రాణి. డైమన్ ఆరు. కళావర్ నాలుగు. జత లేదు, వరస లేదు, రంగూ కలవలేదు. డీలర్ ముందు ఇంకో మూడు ముక్కలు బోర్లా ఉన్నాయి. ఇప్పుడు మీ ముందున్న దారులు రెండే. ముక్కలు పడేసి పది డాలర్లకు నీళ్లొదులుకోవడం, లేదా ఇంకో పది పెట్టి ‘ప్లే’ అనడం.

మన ఊళ్లలో మూడు ముక్కలాట ఆడినవాళ్లు ఈ చెయ్యి చూస్తే పెదవి విరుస్తారు. లెక్క మాత్రం ఆడమంటుంది. రాణి, ఆరు, నాలుగు వచ్చినా, అంతకంటే పెద్దవి వచ్చినా ఆడాలి. నాలుగు బదులు మూడు పడిందా, వదిలేయాలి. హద్దు అంత సన్నం. ఆ హద్దు ఒక్కసారి కూడా దాటకుండా ఆడేవాడికి సైతం, మొదటి పందెంగా పెట్టే ప్రతి వంద డాలర్లకు సగటున 3 డాలర్ల 37 సెంట్లు పోతాయి. అది క్యాసినో వాటా.

ఇక్కడ బ్లైండ్ లేదు, షో లేదు, పక్కవాడి ముఖం చదివే పని లేదు. ఆట డీలర్‌తోనే. డీలర్ చేతిలో కనీసం రాణి లేకపోతే మొదటి పందేనికి సమానంగా డబ్బు ఇచ్చి, రెండోది వెనక్కి ఇస్తారు. రాణి గానీ అంతకు మించి గానీ ఉంటే ఎవరి ముక్కలు పెద్దవో చూస్తారు. అర నిమిషంలో తేలిపోతుంది. మళ్లీ పంచుతారు.

దీని పేరు త్రీ కార్డ్ పోకర్. తయారుచేసినవాడు ఇంగ్లండ్‌లోని డెర్బీకి చెందిన డెరెక్ వెబ్. క్యాసినోలకు ఈ ఆట అమ్మి సంపన్నుడైన ఆయన, అలా వచ్చిన సొమ్ముతోనే బ్రిటన్‌లోని జూదం మిషన్ల మీదికి యుద్ధానికి దిగాడు. ఆ పోరు చివరికి ఒక మంత్రి రాజీనామా దాకా వెళ్లింది.

ఐదు కాదు, మూడు

వెబ్ పేకాటే వృత్తిగా బతికిన మనిషి. 1990ల మొదట్లో క్యాసినోలో డీలర్‌తో పోకర్ ఆడాలంటే చాలాచోట్ల కరీబియన్ స్టడ్ ఒక్కటే దిక్కు. అందులో ఐదేసి ముక్కలు పంచాలి, చూడాలి, పోల్చాలి. బ్లాక్‌జాక్ బల్ల మీద ముక్కలు చకచకా పడుతుంటే పోకర్ బల్ల నత్తనడక నడిచేది. క్యాసినోకి గంటకు ఎన్ని చేతులు పడితే అంత ఆదాయం.

బ్రిటన్‌లో ‘బ్రాగ్’ అని ఒక పాత ఆట ఉంది. మూడు ముక్కలు పంచుకుని పందెం కాసే ఆట, మన తీన్ పత్తీకి దగ్గరి చుట్టం. దాని మూడు ముక్కలకు పోకర్ పద్ధతి జోడించి, ఎదుట డీలర్‌ని నిలబెట్టి, 1994లో వెబ్ కొత్త ఆట తయారుచేశాడు.

మన ఆట తెలిసినవాళ్లకు ఇందులో ఒకటి వింతగా ఉంటుంది. మనకు మూడు ఆసులు పడితే అంతకు మించిన చెయ్యి లేదు. త్రీ కార్డ్ పోకర్‌లో ఒకే రంగు వరసదే పైచేయి. 52 ముక్కల్లోంచి మూడు తీస్తే 22,100 రకాల చేతులు వస్తాయి. వాటిలో మూడూ ఒకే అంకె అయినవి 52, ఒకే రంగు వరసలు 48. నాలుగు తక్కువ కాబట్టి వరసకు పెద్ద పీట. కనీసం జత కూడా లేని చేతులైతే 16,440. అంటే నాలుగు సార్లు పంచితే దాదాపు మూడు సార్లు వట్టి ముక్కలే.

ఆట తయారైంది గానీ కొనేవాళ్లు వెంటనే దొరకలేదు. మొదట తలుపు తీసింది అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రాండ్ క్యాసినో గల్ఫ్‌పోర్ట్. అప్పటి అక్కడి చట్టం ప్రకారం తీరంలో క్యాసినో నేల మీద ఉండకూడదు, నీటి మీద తేలాలి. అందుకని అది ఒడ్డున కట్టేసిన భారీ బార్జి మీద నడిచేది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను ఆ బార్జిని తాళ్లు తెంచి ఒడ్డు మీదికి విసిరేసింది. అప్పటికే ఆట మిసిసిపీ దాటి ఎన్నో క్యాసినోలకు పాకిపోయింది.

కోర్టు మెట్లు

చెట్టు కాపుకు రాగానే రాళ్లు పడటం మొదలైంది. కరీబియన్ స్టడ్ హక్కులున్న కంపెనీ, మా పేటెంట్లను ఉల్లంఘించావంటూ వెబ్ మీద కేసు వేసింది. అమెరికాలో పేటెంటు కేసు నడపడం అంటే డబ్బు నీళ్లలా పోయడమే. అటు పెద్ద కంపెనీ, ఇటు ఇంకా నిలదొక్కుకుంటున్న మనిషి. 1999లో వెబ్ అమెరికా హక్కులను షఫుల్ మాస్టర్ అనే సంస్థకు అమ్మేశాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. తనను బెదిరించడానికి వాడిన పేటెంట్లలో పస లేదని, పోటీని తొక్కేయడానికే ఆ కేసు వేశారని ఆరోపిస్తూ ఈసారి ఆయనే కోర్టుకెక్కాడు. వాదనలు ఏళ్ల తరబడి నడిచాయి. 2007లో మిసిసిపీలోని ఫెడరల్ జ్యూరీ వెబ్ పక్షాన తీర్పు చెప్పింది. నష్టం 1.3 కోట్ల డాలర్లని లెక్కగట్టింది. గుత్తాధిపత్య నిరోధక చట్టం ప్రకారం అది మూడింతలై 3.9 కోట్ల డాలర్లయింది. 2011లో తన దగ్గర మిగిలిన హక్కులను కూడా గెలాక్సీ గేమింగ్‌కు అమ్మేశాడు.

చేతిలో డబ్బుంది, పేరుంది. ఇక ఏ పడవలోనో చేపలు పట్టుకుంటూ కాలం గడపొచ్చు. వెబ్ మాత్రం బ్రిటన్ వీధుల్లోని బెట్టింగ్ షాపుల వైపు చూశాడు.

ఇరవై సెకన్లకు వంద పౌండ్లు

గుర్రప్పందేలకు, ఫుట్‌బాల్ పందేలకు చీటీలు రాసే షాపులు బ్రిటన్‌లో వీధికొకటి కనిపిస్తాయి. 2000ల మొదట్లో వాటిలోకి తెరలున్న మిషన్లు వచ్చాయి. తెర మీద రౌలెట్ చక్రం తిరుగుతుంది. షాపుకు నాలుగు మిషన్లకు మించకూడదని చట్టం. అయినా దేశం మొత్తం మీద 30 వేలు దాటిపోయాయి. అప్పట్లో ఒక్క పందేనికి వంద పౌండ్ల దాకా పెట్టనిచ్చేవారు. ఇరవై సెకన్లకోసారి కొత్త పందెం. విమర్శకులు దీనికి ‘జూదంలో క్రాక్ కొకైన్’ అని పేరు పెట్టారు.

విచిత్రం ఏమిటంటే, శాతం చూస్తే ఆ మిషన్ వెబ్ తయారుచేసిన ఆట కంటే ఉదారమైనది. రౌలెట్‌లో షాపు వాటా వందకు 2.7. త్రీ కార్డ్ పోకర్‌లో 3.37. మరి తగాదా ఎక్కడ?

కాగితం మీద వేసి చూడండి. బల్ల దగ్గర గంటకు 50 చేతులు పడ్డాయనుకుందాం. ప్రతిసారీ మొదటి పందెం వంద పౌండ్లు. గంటకు సగటు నష్టం దాదాపు 169 పౌండ్లు. మిషన్ దగ్గర అదే వంద పౌండ్లు ఇరవై సెకన్లకోసారి, అంటే గంటకు 180 సార్లు. మొత్తం పందెం 18 వేల పౌండ్లు. దాని మీద 2.7 శాతం, 486 పౌండ్లు. వాటా తక్కువ తీసుకునే యంత్రం దాదాపు మూడింతలు ఊడ్చేసింది. శాతం చూసి ఫర్వాలేదనుకున్నవాడిని వేగం ముంచేస్తుంది.

క్యాసినో బల్ల వేగం పెంచడమే వృత్తిగా చేసినవాడికి ఈ లెక్క ఒకరు చెప్పాలా? వెబ్ సొంత డబ్బుతో ‘క్యాంపెయిన్ ఫర్ ఫెయిరర్ గ్యాంబ్లింగ్’ నడిపించాడు. జూదాన్నే నిషేధించండని అది అడగలేదు. అడిగింది ఒక్కటే. ఆ మిషన్ల మీద గరిష్ఠ పందెం వంద పౌండ్ల నుంచి రెండు పౌండ్లకు దించాలి.

బెట్టింగ్ షాపుల వర్గం ఊరుకోలేదు. క్యాసినో ఆటలు అమ్మి కోట్లు గడించినవాడు మాకు నీతులు చెప్పడమా అని ఎత్తిపొడిచింది. షాపులు మూతపడతాయి, ఉద్యోగాలు పోతాయి అని ప్రభుత్వాన్ని హెచ్చరించింది. గురివింద సామెత చెప్పి నోరు మూయించాలనే ప్రయత్నం అది. వెబ్ తన గతాన్ని దాచుకోలేదు గనక ఆ దెబ్బ గట్టిగా తగల్లేదు.

మంత్రి రాజీనామా

2018 మే 17న బ్రిటన్ ప్రభుత్వం దిగొచ్చింది. గరిష్ఠ పందెం రెండు పౌండ్లే అని ప్రకటించింది. ఎప్పటి నుంచి అన్న దగ్గర పేచీ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు చివర్లో బడ్జెట్ పెడుతూ, 2019 అక్టోబరు నుంచి అని తేల్చారు. ఈ సంస్కరణ కోసం పట్టుబట్టిన క్రీడల మంత్రి ట్రేసీ క్రౌచ్‌కి అది మింగుడుపడలేదు. నవంబరు 1న పదవి వదిలేసింది. అధికార పక్షం ఎంపీలే ఆమె వైపు నిలబడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2019 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. వంద పౌండ్ల చోట రెండు. అదే మిషన్ అదే వేగంతో తిరిగినా గంటకు 486 పౌండ్ల సగటు నష్టం పది పౌండ్ల లోపుకు పడిపోయింది.

బల్ల ఫోన్‌లోకి వచ్చింది

ఈ లోగా జూదం షాపు గడప దాటేసింది. లాత్వియా రాజధాని రీగా లాంటి నగరాల్లో ‘లైవ్ క్యాసినో’ స్టూడియోలు వెలిశాయి. దీపాల వెలుగులో ఆకుపచ్చ బల్ల, దాని వెనక నవ్వుతూ ఒక యువతి. ముక్కలు నిజమైనవి, పంచే చేతులూ నిజమైనవే. ఆమె ముక్క తిప్పగానే కెమెరా దాన్ని చదువుతుంది, అదే ముక్క ఫోన్ తెర మీద మెరుస్తుంది. పక్కన గడియారం వెనక్కి నడుస్తుంది. ఆ కొన్ని సెకన్లలోనే ప్లే నొక్కాలా, వదలాలా తేల్చుకోవాలి. మామూలు బల్లకు కుర్చీలు ఆరో ఏడో. ఇక్కడ ఒకే చేతి మీద వేలమంది పందెం కాసే ఏర్పాటు ఉంది. బల్ల నిండదు, తెల్లవారినా మూయరు. ఒక బల్ల నిదానమనిపిస్తే పక్కన ఇంకోటి తెరుచుకోవచ్చు.

కొత్తగా ఆడేవాళ్ల అనుమానమల్లా ముక్కలు మార్చేస్తారేమో అనే. మోసం చేసే సైట్లు ఉన్నాయి, నిజమే. కానీ లైసెన్సున్న బల్ల మీద జేబు ఖాళీ చేయడానికి మోసంతో పనిలేదు. ‘పెయిర్ ప్లస్’ అని పక్క పందెం ఒకటుంది. మీకు జత గానీ అంతకు పైది గానీ పడితే డబ్బు. మూడూ ఒకే రంగైతే ఒకటికి నాలుగు ఇచ్చే బల్ల దగ్గర క్యాసినో వాటా 2.32 శాతం. ఆ నాలుగుని మూడు చేసిన బల్ల దగ్గర 7.28 శాతం. తెర మూలన చిన్న అక్షరాల్లో ఒక్క అంకె మారుతుంది, వాటా మూడింతలవుతుంది.

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న పాత వాదనకు తావివ్వకుండా డబ్బు ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టింది. వాటిని నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. విదేశీ సైటు లింకు మాత్రం ఏదో ఒక గ్రూపులో వస్తూనే ఉంటుంది. అందులో ఓడినవాడికి పందెం మీద పరిమితి లేదు, ఫిర్యాదు వినే లైసెన్సు అధికారీ లేడు. ఆట మానాలనుకుని మానలేకపోతున్నవాళ్లు కేంద్రం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

బ్రిటన్ సంగతికొస్తే, ఆన్‌లైన్ స్లాట్ ఆటలకు 2025 ఏప్రిల్‌లో ఐదు పౌండ్ల గరిష్ఠ పందెం పెట్టారు. మే నెల నుంచి 25 ఏళ్లు నిండనివాళ్లకు రెండు పౌండ్లే. ఆ పరిమితి స్లాట్లకే. లైవ్ బల్లలకు వర్తించదు. అంటే షాపు మిషన్‌కు కళ్లెం వేయించినవాడు తయారుచేసిన త్రీ కార్డ్ పోకర్, లైవ్ క్యాసినోలో ఆ కళ్లేనికి బయటే ఉంది. పందెం ఎంత, గంటకు ఎన్నిసార్లు అన్న రెండు ప్రశ్నలూ కలిపి అడిగినప్పుడే ఆ మిషన్ లొంగింది. ఫోన్‌లో పంచే ముక్కలను ఆ ప్రశ్నలు అడిగేవాళ్లు ఇంకా రావాల్సి ఉంది.