దినేశ్ మోహన్: గాయాన్ని కొలిచిన ఇంజనీరు

రోడ్డు ప్రమాదాల్లో మానవ శరీరానికి తగిలే గాయాలను యంత్రశాస్త్ర దృష్టితో పరిశోధించిన భారతీయులలో అగ్రగణ్యుడు దినేశ్ మోహన్ (1945–2021). ఐఐటీ బొంబాయిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ఆపై దశాబ్దాల పాటు ఐఐటీ ఢిల్లీలో ఆచార్యులుగా పనిచేశారు.

ఛాతీకి తీవ్రమైన దెబ్బ తగిలితే గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని చిరిగి, మనిషి నిమిషాల్లో మరణించవచ్చు. ఆ ధమని ఎంత బలానికి తెగుతుందన్న ప్రశ్నకు, జాన్ మెల్విన్‌తో కలిసి 1982, 1983లలో ప్రచురించిన పత్రాల్లో ఆయన కొలతలతో సమాధానమిచ్చారు. నెమ్మదిగా లాగినప్పటి కంటే హఠాత్తుగా లాగినప్పుడు ఆ కణజాలం దాదాపు రెట్టింపు ఒత్తిడిని తట్టుకుంటుందనీ, చిరిగేది మాత్రం అడ్డంగానేననీ తేలింది.

పాశ్చాత్య పరిశోధన అధికంగా కారు లోపలి మనిషి చుట్టూ తిరిగింది. హైదరాబాదులోనైనా, జంగ్లీఘాట్‌లోనైనా రోడ్డు మీద కనిపించేది వేరు: పాదచారి, సైకిలు, స్కూటరు, వాటి పక్కనే బస్సు. 2022లో దేశంలో రోడ్లపై మరణించిన 1,68,491 మందిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే; దాదాపు ఐదో వంతు పాదచారులు. అందుకే మోహన్ దృష్టి హెల్మెట్ల మీదికి, పాదచారిని ఢీకొనే బస్సు ముందుభాగం మీదికి మళ్ళింది. హెల్మెట్ చేసే పని నిజానికి చాలా చిన్నది. లోపలి థర్మోకోల్ వంటి పొర నలుగుతూ, తల ఆగే వ్యవధిని కొన్ని మిల్లీసెకన్లు పొడిగిస్తుంది. మెదడుకు ఆ మాత్రం వ్యవధే ప్రాణాధారం. వేగం సంగతి అంతకన్నా కఠినం. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50కి పెరిగితే వాహన గతిశక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది.

పల్లెల్లో చొప్ప కత్తిరించే యంత్రాల వల్ల వేళ్ళు తెగిపోవడాన్నీ ఆయన ఇదే కోవలో చూశారు. జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోకుండా, కత్తులకు అడ్డు, వాడనప్పుడు చక్రం తిరగకుండా గొళ్ళెం వంటి మార్పులు సూచించారు. మనిషి పొరపాటు చేస్తాడు, యంత్రమే దానికి సిద్ధంగా ఉండాలన్నది ఆయన వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు 2004లో వెలువరించిన రోడ్డు గాయాల నివారణ నివేదిక సంపాదకుల్లో ఆయన ఒకరు. బస్సులకు ప్రత్యేక మార్గం ఉండాలన్న ఆయన పట్టుదల మాత్రం వివాదాలకు దారితీసింది. 2008లో ఢిల్లీలో మొదలైన బీఆర్టీ మార్గాన్ని కారు యజమానులు తీవ్రంగా వ్యతిరేకించారు. 2016లో దాన్ని తొలగించారు. కొవిడ్ సోకి మోహన్ 2021 మే 21న మరణించారు.