ముందుగా అడిగింది ఒక్క రోజు

మన కరీంనగర్, నిజామాబాద్ వైపు ఒక మాట ఉంది: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. ఊళ్లో పని లేనివాడు పోయే దారులు ఈ మూడే అని. బొంబాయిలో కామాఠిపురకు ఆ పేరు వచ్చింది కూడా మన వైపు నుంచి కూలికి పోయిన కామాఠీల వల్లనే. మనం ఎదురుచూసే వారపు సెలవుకు కూడా ఆ ఊళ్లో ఒక కథ ఉంది. ఈ వారం అది చెబుతాం.

1880 ప్రాంతంలో బొంబాయి బట్టల మిల్లుల్లో కరెంటు దీపాలు లేవు. పొద్దు పొడవగానే మిషన్లు మొదలు, పొద్దు గుంకితే బంద్. ఎండాకాలం పగలు పొడుగు కాబట్టి పనీ పొడుగే. 1881లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం చిన్నపిల్లల పని గంటలకు మాత్రమే హద్దు పెట్టింది. పెద్దవాళ్ల ఊసే లేదు.

అప్పుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ముందుకొచ్చాడు. ఆయన జ్యోతిరావు ఫూలే అనుచరుడు, 'దీనబంధు' పత్రిక నడిపినవాడు. అంతకుముందు ఒక మిల్లులో స్టోర్‌కీపర్. (మేమూ గుమాస్తాలమే కదా, ఈ ముక్క చదివి కాస్త గర్వపడ్డాం.) 1884 సెప్టెంబరులో ఆయన కార్మికులను సమావేశపరిచి ఒక అర్జీ తయారు చేయించాడు. ఐదు వేలమందికి పైగా దానికి ఒప్పుకుని పేర్లిచ్చారు.

అందులో ఏమున్నదో వరుసగా చూడండి. మొదటిది, ఆదివారం పూర్తి సెలవు. తర్వాత మధ్యాహ్నం అరగంట విరామం. తర్వాత పొద్దున ఆరున్నరకు పని మొదలై పొద్దు గుంకేసరికి ముగియాలని. నాలుగోది, నెల జీతం వచ్చే నెల 15లోగా చేతికి రావాలని. చివరిది, పనిలో దెబ్బ తగిలినవాడికి కోలుకునేదాకా జీతం. జీతం పెంచమని ఎక్కడా లేదు! చాలీచాలని జీతగాళ్లు ఆ మాట ఎందుకు వదిలారా అని మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. అన్నీ ఒక్కసారే అడిగితే ఏదీ దక్కదని అనుకున్నారేమో. మాకైతే ఇంకోటి తోచింది. రోజంటూ ఒకటి చేతిలో ఉంటేనే కదా నలుగురు కూడి మిగతావి అడిగేది.

యజమానులు వెంటనే ఒప్పుకోలేదు. 1890 ఏప్రిల్ 24న పదివేల మంది దాకా కార్మికులు సభకు వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడారు. ఆ ఏడాది జూన్ 10న ఆదివారం సెలవు ఖాయమైంది. మరుసటి ఏడు, 1891లో, వారపు సెలవు చట్టంలోకి ఎక్కింది. పని గంటలు తగ్గడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54, అంబేడ్కర్ కార్మిక శాఖ చూస్తున్నప్పుడు 1946లో 48.

ఇక మన సంగతి. ఇక్కడ ఎండాకాలపు మధ్యాహ్న విరామం 2005లో వచ్చింది. జీతం బ్యాంకు ద్వారా వేయాలన్న పద్ధతి 2009లో వచ్చింది. లోఖండే అర్జీలో ఉన్నవాటి లాంటివే ఇవీ. సెలవు రోజు కూడా ఉంది. దాన్ని మనం ఏం చేస్తున్నాం?

మేం ఆఫీసులో టైం షీట్లు రాస్తాం. శుక్రవారం గడిలో ఓటీ అని రాసే పేర్లు నెలనెలా ఇంచుమించు అవే. మా రూములో ఒకన్న ఏడాదిన్నరపాటు ఒక్క శుక్రవారం కూడా వదల్లేదు. ఏజెంటు అప్పు తీరింది. ఆయన్ని తప్పుపట్టే ధైర్యం మాకు లేదు, వడ్డీ ఎంతో మాకు తెలుసు. కానీ ఒకరోజు ఇంటికి ఫోన్ చేస్తే ఐదేళ్ల బిడ్డ ఫోన్ తల్లికి ఇచ్చేసి, "ఎవరో మాట్లాడుతున్నరు" అన్నదట. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఇప్పుడు నెలకు రెండు శుక్రవారాలే ఓటీకి పోతున్నాడు. మిగతా రెండింటిలో ఒక చిక్కుంది. మనకు సెలవైనా అక్కడ బడి ఉంటుంది. పాప ఇంటికొచ్చేసరికి నాలుగున్నర, అంటే మనకు మూడు. సరిగ్గా క్యాంపంతా కునుకు తీసే వేళ. అందుకని బట్టలు ఉతకడం, డబ్బులు పంపే లైను, కూరగాయలు అన్నీ నమాజు వేళకు ముందే ముగించుకుంటాడు. వంటలో ఆయన వంతు మేం గురువారం రాత్రికి మార్చుకున్నాం. మూడు గంటలకు ఆయన మెట్ల దగ్గర కూర్చుంటాడు. ఆ వేళకు క్యారమ్స్ ఆడడానికి కూడా ఎవరూ పిలవరు.